ఒంటిరెక్క ఈత

నవంబర్ 3, సోమవారం

మా కాలేజీని పూర్తిగా మూసేసిన రోజు తెచ్చుకున్న రికార్డు బుక్కుల్లో ఇదే ఆఖరిది. ఒకవైపు గీతల పేజీ, ఒకవైపు తెల్ల పేజీ. గీతల వైపు డైరీ రాస్తాను, తెల్ల వైపు బొమ్మలకు ఉంచుతాను. ఇరవై రెండేళ్ళు జువాలజీ చెప్పిన చెయ్యి, డైరీ అనగానే మారుతుందా.

ఇవాళ రజిత ఫోన్ చేసింది. 2011 బ్యాచ్, బైపీసీ. డాక్టరవుతానని చేరి, ఇప్పుడు కంప్యూటర్ ఆటలు తయారు చేస్తోందట. తిరుమలగిరిలో మిలిటరీ యూనిఫారాలు కుట్టే షాపు పైన ఆఫీసు. మొత్తం నలుగురు మనుషులు. ఆట పేరు ‘ఎనిమిదో సముద్రం’. వేరే గ్రహం మీద, మైళ్ళ మందాన మంచు, దాని కింద చీకట్లో సముద్రం. ఆడేవాళ్ళు అందులోకి దిగి జీవుల్ని వెతికి, అవి ఎలా బతుకుతున్నాయో కనిపెట్టాలి. చంపడం ఉండదు. ఆ జీవుల శరీరాలూ బతుకులూ ఊహించి, బొమ్మలు గీసి రాసిపెట్టే మనిషి కావాలట.

“మీరే రాయాలె మేడమ్. నా బొద్దింక మీద నాలుగుసార్లు రిపీట్ అని రాసిన్రు. గసొంటి మనిషే కావాలె మాకు” అంది.

గుర్తుంది. ఆ పిల్ల బొద్దింకకు నాలుగుసార్లూ ఐదు కాళ్ళే గీసింది. నిజానికి నేను ఆశ వదులుకున్న పిల్లల రికార్డుల మీద టిక్కు కొట్టి, సంతకం పెట్టి పంపేసేదాన్ని. ఎర్ర ఇంకుతో రిపీట్ అని రాశానంటే ఇంకా వదల్లేదని అర్థం. అది వాళ్ళకెప్పుడూ చెప్పలేదు. చెప్తే నెత్తికెక్కుతారు.

ఉప్పు, చెరుకురసం, కల్లు, నెయ్యి, పెరుగు, పాలు, మంచినీళ్ళు. ఏడు సముద్రాలతో ఊరుకోక ఎనిమిదోది ఎందుకో. ఒప్పుకున్నాను. ఏప్రిల్ నుంచి గోళ్ళు గిల్లుకుంటూనే ఉన్నాను కదా.

నవంబర్ 4, మంగళవారం

మాటలు లేక ఆరు నెలలు నిండాయి. బోటనీ ప్రిసిల్లా మేడమ్ ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు. ముందు మానేసింది ఆవిడే.

నవంబర్ 7, శుక్రవారం

పొద్దున్నే మెలకువ వచ్చింది. శుక్రవారం. సోమ, బుధ, శుక్రవారాల్లో ప్రిసిల్లా మేడమ్ భర్త జీవరాజు గారికి డయాలిసిస్. ఈపాటికి చేతికి సూదులు గుచ్చేసి ఉంటారు. ప్రిసిల్లా మేడమ్ బయట కుర్చీలో కూర్చుని బైబిలో, పాత పేపరో చదువుతూ ఉంటుంది. నాకెందుకు.

మా కాలేజీలో ఒకే ల్యాబ్ ఉండేది. తలుపులోంచి చూస్తే ఎడమవైపు బోటనీ, కుడివైపు జువాలజీ. మధ్య బల్ల మీద మా ఇద్దరి టిఫిన్ డబ్బాలు. ఆవిడ తెచ్చిన చింతచిగురు పప్పు నేను తినేదాన్ని, నా కందిపొడి ఆవిడ తినేది. ఇరవై రెండేళ్ళు ఒకరి కంచంలో ఒకరు తిన్నాం, అయినా చివరిదాకా మేడమ్, మేడమ్ అనే పిలుచుకున్నాం. పెళ్ళి చేసుకోని నాకు ఆదివారం సాయంత్రమంటే ఆవిడ రావడమే. చర్చి చీరలోనే వచ్చేది, టీ తాగి, పిల్లల రికార్డులు ముందేసుకుని నవ్వి నవ్వి వెళ్ళేది.

ఎందుకు మాట్లాడ్డం మానేసిందో నాకు తెలియదు.

నవంబర్ 9, ఆదివారం

మూడు జీవులు రాశాను. ఇన్నాళ్ళకు ఒళ్ళు మరిచి పని చేశాను.

మొదటిది చూరుజీవి. మంచు కప్పుకు అడుగున తలకిందులుగా అంటుకుని ఉంటుంది, చూరుకు కందిరీగ గూడులాగా. మంచు ఎక్కడన్నా పగిలితే కాళ్ళలో తెలుస్తుంది. వెంటనే పక్కదాన్ని తడుతుంది. తట్టినప్పుడు చిన్న వెలుగు వస్తుంది. అది దాని పక్కదాన్ని తడుతుంది. అలా ఒక కబురు సముద్రం ఈ చివర నుంచి ఆ చివరకు పోతుంది. ఒక్కటి తట్టకుండా ఊరుకున్నా కబురు అక్కడితో ఆగిపోతుంది.

రెండోది సంచిగవ్వ. జీవితంలో ఒక్కసారే తిని, ముప్పై ఏళ్ళు అరిగించుకుంటుంది.

మూడోది వెడల్పురెక్క. ఇదే నాకు నచ్చింది. చాపలా పరుచుకున్న ఒళ్ళు. రెండు పక్కలా రెండు రెక్కలు. చూరుజీవుల వెలుగు చూసుకుంటూ దారి పట్టుకోవాలి గనక కళ్ళు వీపు మీద. నోరు మాత్రం పొట్ట కింద, మెత్తటి చోట. శ్వాస, నాడులు, గుండెలు అన్నీ రాశాను. మూడు గుండెలు ఇచ్చాను, ఎవరడ్డొచ్చారు.

ఆహారం అన్న గడి ఖాళీగా ఉంది. ఎండ లేని సముద్రంలో ఆకుపచ్చ ఆకు ఉండదు. ఆకు లేకపోతే తిండి ఎక్కడ మొదలవ్వాలి? అడుగున వేడి బుగ్గల దగ్గర గంధకం తిని బతికే సూక్ష్మజీవులతో మొదలవ్వాలి. అది మా పాఠం కాదు, బోటనీ వాళ్ళ పాఠం. బ్యాక్టీరియా వాళ్ళే చెప్తారు. పుస్తకం చూసి రాసేయొచ్చు.

రేపు చూద్దాం.

నవంబర్ 14, శుక్రవారం

బొమ్మలు స్కాన్ చేయించి పంపాను. పద్ధతి ప్రకారం గీశాను. హెచ్‌బీ పెన్సిల్, షేడింగ్ లేదు, నీడ కావాల్సిన చోట చుక్కలు. పేర్లన్నీ కుడివైపే, గీతలు ఒకదాన్నొకటి దాటకూడదు. వెడల్పురెక్కకు కుడి సగంలో లోపలి భాగాలన్నీ చూపించి, ఎడమ సగం నిలువుగా కోసేసినట్టు వదిలేసి చుక్కలు పెట్టాను. ఎడమ కూడా కుడిలాంటిదే కదా, రెండుసార్లు ఎందుకు గీయడం? ఇంటర్ పిల్లవాడికి కూడా తెలుసు.

ఆహారం సంగతి రజిత అడిగింది. రేపు చూద్దామన్నాను.

నవంబర్ 16, ఆదివారం

ఇంటి ఓనరు బుచ్చమ్మ గారు పైనుంచి దిగి వచ్చి, గది నిండా చూసి, “ఏందమ్మా, దినమంత గీ చేపల బొమ్మలేనా” అంది. కాలేజీ నుంచి తెచ్చిన ఫార్మలిన్ సీసాలంటే ఆమెకు భయం. సముద్రగుర్రం ఉన్న సీసా వైపు వీపు పెట్టి కూర్చుంది. నేను సముద్రం చూసింది మొత్తం రెండుసార్లు. మా నాన్న రైల్వే ఉద్యోగానికని కాకినాడ నుంచి సీతాఫల్‌మండి వచ్చేనాటికి నాకు రెండేళ్ళు, అది లెక్కలోకి రాదు.

వెళ్తూ వెళ్తూ అడిగింది. “మీ దోస్తు వస్తలేదేంది? ఐతారం ఐతారం వస్తుండె గద, గా కిరస్తానీ మేడమ్.”

ఆవిడకు ఖాళీ ఉండటం లేదని చెప్పాను. బుచ్చమ్మ గారు నమ్మినట్టే తలూపింది. ఆమె నలుగురు కోడళ్ళను చూసిన మనిషి.

నవంబర్ 20, గురువారం

రజిత ఆఫీసుకు వెళ్ళాను. ఇంత కోపం ఈ మధ్య ఎప్పుడూ రాలేదు.

బొమ్మల్ని కంప్యూటర్లో నిలబెట్టే అబ్బాయి యుగంధర్. ఇంజనీరింగ్ చదివాడు. రికార్డు బుక్కు మొహం చూసి ఉండడు. నా వెడల్పురెక్కను తెర మీద చూపించాడు. కుడివైపు రెక్క ఉంది, ఎడమవైపు గోడలాగా చదునుగా ఉంది. దాని మీద నేను పెట్టిన చుక్కలన్నీ పులిపిరికాయల్లాగా మొలిచాయి.

ఎడమ రెక్క ఏదని అడిగితే, “మీరు ఎట్ల గీసిన్రో అట్లనే చేసిన మేడమ్. ఒక్క చుక్క సుత వదల్లే” అన్నాడు గర్వంగా. చుక్కలు లెక్కపెట్టి మరీ చేశాడట. ఈ వినయం మా పిల్లలకు ఒక్కరికున్నా బోర్డు ర్యాంకులొచ్చేవి.

ఈతకు వదిలితే అది గుండ్రంగా తిరిగింది. ఒకే రెక్క ఉన్నది తిరగక ఏం చేస్తుంది? ఆఫీసులో అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

డిసెంబర్ ఒకటిన బెంగళూరులో ఎవరికో చూపించాలట, ఇప్పుడు మళ్ళీ చేసే టైము లేదట. రజిత నెమ్మదిగా చెప్పింది. “ఇది గిట్ల ఎందుకున్నదో ఏదన్న రీజన్ రాయుండ్రి మేడమ్. లేకుంటే తీసేస్తం.”

నవంబర్ 21, శుక్రవారం

తీసేయమని చెప్పేస్తాను. తప్పు బొమ్మను సమర్థించే అలవాటు నాకు లేదు.

నవంబర్ 22, శనివారం

చెప్పలేదు.

రజిత ఫోన్‌కు పంపిన వీడియోలో అది తిరుగుతూనే ఉంది. నలభై నిమిషాలు చూశాను. పైన చూరుజీవులు కబురు తడుతూ పోతున్నాయి, వెలుగు అటునుంచి ఇటు వస్తోంది, ఇది దాన్ని చూసి బయలుదేరుతుంది. నేరుగా పోతున్నాననే దాని నమ్మకం. తిరిగి బయలుదేరిన చోటికే వస్తుంది.

ఏడుపొచ్చింది. కంప్యూటర్ బొమ్మను చూసి ఏడ్చిన లెక్చరర్‌ని నేనే అయ్యుంటాను. ఈ వారంలో నేను నోరు తెరిచి మాట్లాడింది బుచ్చమ్మ గారితో, పాలవాడితో, ఆ ఆఫీసులో. ఇంతే.

నవంబర్ 23, ఆదివారం

ఎందుకు మాట్లాడ్డం మానేసిందో నాకు తెలియదని ఈ పుస్తకంలోనే రాశాను. ఎవరూ చదవని పుస్తకంలో కూడా అబద్ధం రాసిన మనిషిని నేను.

మే మొదటి వారంలో ఒక పెద్ద కాలేజీ వాళ్ళు మా ఇద్దరినీ ఇంటర్వ్యూకి పిలిచారు. పోస్టు ఒక్కటే. బోటనీ, జువాలజీ రెండూ ఒకరే చెప్పాలి. ఇంటిల్లిపాదికీ ఆసుపత్రి కార్డు ఇస్తారు. ఆ కార్డు ఎవరికి కావాలో నాకు తెలుసు. నేనొక్కదాన్ని, జ్వరం వస్తే మిరియాల కషాయంతో పోయే మనిషిని. అయినా వెళ్ళాను. ఇద్దరం ఒకే ఆటోలో వెళ్ళాం. ఆటోలో ఆవిడ నా జడ సరిచేసింది.

ముందు నన్ను పిలిచారు. పాఠాల గురించి రెండు ప్రశ్నలడిగి, చివర్లో ఆ ప్రిన్సిపాల్ మామూలుగా అడిగాడు, బయట కూర్చున్నావిడ మీ కొలీగే కదా, ఎలా ఉంటారు అని. బాగా చెప్తుంది అనొచ్చు. బోటనీలో ఆవిడంత మనిషి సికింద్రాబాద్ మొత్తంలో లేదనొచ్చు, అది నిజం. నేనేమన్నానంటే, మనిషి చాలా మంచిది, సెలవులే కాస్త ఎక్కువ.

ఆ సెలవులు ఎందుకో చెప్పలేదు. ఆ సెలవు రోజుల్లో ఆవిడ క్లాసులు తీసుకున్నది నేనే, ఒక్కసారి కూడా విసుక్కోలేదు. ఇరవై రెండేళ్ళు చేసిన సాయాన్ని ఒక్క వాక్యంలో అమ్మేశాను.

ఆ ఉద్యోగం నాకూ రాలేదు. ఎవరో ఇరవై ఆరేళ్ళ అమ్మాయిని తీసుకున్నారు. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఆవిడ బయటికి చూస్తూ కూర్చుంది. ఎండ దెబ్బ అనుకున్నాను. కాదు, అలా అనుకోలేదు. అనుకున్నట్టు నటించాను.

నవంబర్ 25, మంగళవారం

దొరికింది.

పొద్దున గుమ్మంలో నా కుడి చెప్పు, పక్కన బుచ్చమ్మ గారి కుడి చెప్పు పడి ఉన్నాయి. ఎడమవి కుక్క ఎటో లాక్కుపోయింది. రెండూ కుడివే, పక్కపక్కన పెడితే కుదరవు. చూస్తూ చూస్తూ ఒకదాన్ని బోర్లా తిప్పాను. తిప్పగానే అది ఎడమ చెప్పు ఆకారంలోకి వచ్చింది.

వెడల్పురెక్కలన్నీ కుడి రెక్కవే. ఒక్కటైతే గుండ్రంగా తిరుగుతుంది. రెండు పక్కపక్కన చేరినా లాభం లేదు, ఒకదాని చదును గోడకు ఇంకోదాని రెక్క అడ్డం వస్తుంది. కానీ ఒకటి వెల్లకిలా తిరిగితే దాని రెక్క ఎడమకు వస్తుంది, చదును గోడ లోపలికి వస్తుంది. రెండు గోడలూ అతుక్కుంటాయి. ఆ పులిపిరులు ఒకదాన్నొకటి పట్టుకోవడానికి. యుగంధర్ పెట్టిన ప్రతి చుక్కకూ పని దొరికింది. అప్పుడు రెండూ కలిసి నేరుగా, ఎంత దూరమైనా ఈదగలవు.

పేరు మార్చాను. ఒంటిరెక్క.

మెట్ల మీద నుంచి బుచ్చమ్మ గారు చాలాసేపటి నుంచి చూస్తోందట. “చెప్పులతోని ఏం జేస్తున్నవమ్మా, జెర పైకొచ్చి చాయ్ తాగు” అంది. వెళ్ళి తాగాను.

నవంబర్ 26, బుధవారం

రజిత ఫోన్‌లోనే గెంతింది. ఒంటిరెక్కను ఉంచుతారు. ఆడేవాళ్ళు రెండిటిని జత కలపాలి, అదే ఆటలో పెద్ద పరీక్ష అవుతుందట. తర్వాత అడిగింది. “మరి ముందుగాల ఏది తిరగాలె మేడమ్?”

రాసి పంపుతానన్నాను. పొద్దుటి నుంచి దాని మీదే ఉన్నాను. వెల్లకిలా ఈదేదానికి కళ్ళు కిందికి పోతాయి. చూరు వెలుగు కనపడదు, పక్కదాన్ని నమ్మి పోవాలి. మెత్తటి పొట్ట పైకి వస్తుంది, ఏది వచ్చి కొరికినా అక్కడే కొరుకుతుంది. అందుకని ఏదీ ముందు తిరగదు. రెండూ పంతానికి పోతే రెండూ చచ్చేదాకా పక్కపక్కనే గుండ్రంగా తిరుగుతాయి.

బలమైనది తిరగాలని రాసి కొట్టేశాను. చిన్నది తిరగాలని రాసి కొట్టేశాను.

ఆహారం గడి ఇంకా ఖాళీ. ఇవాళ బుధవారం.

నవంబర్ 28, శుక్రవారం

జత బొమ్మ గీశాను, పెద్ద రికార్డు షీటు మీద. సగం గీసి, కాగితం నిలువుగా మడిచి, వెనక నుంచి రుద్ది అచ్చు తీశాను. పాత కిటుకు. రెండూ అద్దంలో చూసుకున్నట్టు వచ్చాయి. కింద ‘రెండోది వెల్లకిలా’ అని రాశాను. ఆహారం అన్న చోట గీత గీసి ఖాళీగా వదిలాను.

రేపు శనివారం. డయాలిసిస్ ఉండదు.

నవంబర్ 29, శనివారం

వెళ్ళాను.

తిరుమలగిరి బజారు వెనక వాళ్ళిల్లు. గుమ్మానికి క్రిస్మస్ నక్షత్రం అప్పుడే కట్టారు. జీవరాజు గారు మంచం మీద కూర్చుని ఉన్నారు, సగమైపోయారు. నన్ను చూసి సంతోషంగా, మేడమ్ గారొచ్చారు టీ పెట్టమని లోపలికి కేకేశారు. ఆయనకు ఏమీ తెలియదని అర్థమైంది. ఆవిడ భర్తకు కూడా చెప్పలేదు.

వంటింట్లోకి వెళ్ళాను. ముందు ఆట గురించి చెప్పాను, గంధకం తినే బ్యాక్టీరియా గురించి అడిగాను. ఆవిడ టీ పొడి వేస్తూ వింటోంది. అన్ని నీళ్ళలో అంత చీకట్లో బతికే వాటి గురించి నేను గడగడా చెప్పుకుపోతుంటే నాకే సిగ్గేసింది. అప్పుడు అసలు సంగతి చెప్పాను. ఆ ప్రిన్సిపాల్ అడిగింది, నేనన్నది, అక్షరం మార్చకుండా చెప్పాను. చెప్పి, “ఆయన అడిగాడు కాబట్టి చెప్పాను మేడమ్. అబద్ధమైతే చెప్పలేదు” అన్నాను.

ఆవిడ స్టవ్ ఆపింది.

“నాకు ఆ రోజే తెల్సు మేడమ్. మీ ఫ్రెండే చెప్పింది గదా అని ఆ ప్రిన్సిపాలే నా మొహం మీద అన్నడు. మీరొచ్చి చెప్తరని ఇన్ని నెలలు ఎదురుచూసిన. ఆఖరికి వచ్చి, అబద్ధం చెప్పలేదని చెప్తున్నరా?”

టీ ఇచ్చింది. చక్కెర వేయలేదు, నాకు వద్దని ఇంకా గుర్తుంది. జీవరాజు గారితో వాతావరణం గురించి ఏదో మాట్లాడి లేచాను. ఎప్పుడూ బస్‌స్టాప్ దాకా వచ్చే మనిషి, ఇవాళ గుమ్మం దాకా కూడా రాలేదు. చూపిద్దామని తీసుకెళ్ళిన జత బొమ్మ షీటు టీపాయ్ మీద మరిచిపోయాను. మరిచిపోలేదు, వదిలి వచ్చాను.

నవంబర్ 30, ఆదివారం

ఎవరూ రాలేదు.

డిసెంబర్ 2, మంగళవారం

బెంగళూరు వాళ్ళకు ఆట నచ్చిందట. అన్నిటికంటే ఒంటిరెక్క నచ్చిందట. రజిత స్వీటు డబ్బా తెచ్చింది. ఆహారం గడి ఖాళీగా ఉందని మళ్ళీ గుర్తు చేసింది. పుస్తకం చూసి రాసేయమంటే రెండు నిమిషాల పని. రాయబుద్ధి కాలేదు. ఆ గడి నాది కాదు.

మిఠాయి ఒకటి తిని, మిగతావి బుచ్చమ్మ గారికి ఇచ్చాను.

డిసెంబర్ 4, గురువారం

మధ్యాహ్నం ఫోన్ మోగింది. వాట్సాప్‌లో ఒక ఫొటో. మాట లేదు, నమస్తే లేదు. నా రికార్డు షీటు. దాని మీద ఎర్ర ఇంకు.

రెండో ఒంటిరెక్క చుట్టూ సున్నా చుట్టి ఉంది. పక్కన ఆ గుండ్రటి చేతిరాత, ఇరవై రెండేళ్ళు నా పక్క బల్ల మీద చూసిన రాత. “రెండోది వెల్లకిలా అని రాశారు. మరి కళ్ళు పైకి ఎందుకున్నాయి? నోరు, పొట్ట కనపడాలి. ఇది తిరగలేదు. తిరిగినట్టు రాశారంతే.”

ఆహారం అన్న చోట ఏమీ రాయలేదు. అడుగున తేదీ, పొడి సంతకం. సంతకం పైన, రెండుసార్లు కింద గీత గీసి, రిపీట్.

బొమ్మ పెద్దది చేసి చూశాను. నిజమే. మడిచి అచ్చు తీస్తే అద్దంలో బొమ్మ వస్తుంది, వెల్లకిలా తిరిగిన బొమ్మ రాదు. రెండిటికీ కళ్ళు వీపు మీదే ఉన్నాయి, రెండూ దర్జాగా పైకి చూస్తున్నాయి. ఏ పిల్ల ఇలా గీసి తెచ్చినా నేనూ అదే మాట రాసేదాన్ని.

రబ్బరుతో చెరిపితే మచ్చ పడుతుంది. కొత్త షీటు తీశాను. పెన్సిల్ చెక్కి, ఈసారి మడవకుండా, ముందు రెండోదాని పొట్టే మొదలుపెట్టాను. ఎల్లుండి శనివారం, వాళ్ళు ఇంట్లోనే ఉంటారు.